బంగాళాదుంపకు ఆకుల కాపలా

పెసల డబ్బాలో మీ అమ్మమ్మ గుప్పెడు ఎండు వేపాకు వేయడం చూసే ఉంటారు. ఎందుకని అడిగితే "పురుగు పట్టకుండా" అంటుంది. ఆకు పురుగును ఎలా ఆపుతుంది? ఈ సంగతి తెలుసుకోవడానికి బంగాళాదుంపల కుప్ప దగ్గరకు వెళ్దాం.

దొంగ ఎవరు?

బంగాళాదుంపను తొలిచే చిన్న రెక్కల పురుగు ఒకటుంది. దీని శాస్త్రీయ నామం థోరిమియా ఆపర్క్యులెల్లా. బంగాళాదుంపలాగే దీని పుట్టిల్లు కూడా దక్షిణ అమెరికాయే. 1906లో ఇటలీ నుంచి తెచ్చిన విత్తనపు దుంపలతోపాటు ఇది బొంబాయి ప్రాంతానికి చేరింది.

రెక్కలు చాచినా ఇది సుమారు ఒకటిన్నర సెంటీమీటర్లే. రాత్రిపూట దుంప కన్నుల దగ్గర గుడ్లు పెడుతుంది. వెచ్చని రోజుల్లో వారం తిరిగేలోపే గుడ్లు పగిలి లార్వాలు బయటికి వస్తాయి. అవి దుంపలోకి దూరి సొరంగాలు తవ్వుతాయి. కన్ను దగ్గర నల్లని రెట్ట కనిపిస్తే లోపల పురుగు ఉన్నట్లే. ఆ సొరంగాల గుండా సూక్ష్మజీవులు ప్రవేశించి దుంపను కుళ్ళబెడతాయి. సుమారు నెల రోజుల్లో పురుగు కొత్త తరం తయారవుతుంది.

శీతల గిడ్డంగిలో ఈ పురుగు పెరగలేదు. కాని అది అందుబాటులో లేని చిన్న రైతు దుంపలను ఇంట్లోనే కుప్ప పోసుకుంటాడు. వాటిపై విషపు మందు చల్లితే అది మన కంచంలోకి వస్తుంది. చల్లకపోతే విత్తనపు దుంపలు పాడై, వచ్చే పంటకే విత్తనం ఉండదు. మరి దారేమిటి?

వాసనే దారి

చీకట్లో ఆడ పురుగుకు దుంప జాడ చెప్పేది వాసన. స్పర్శశృంగాలతో అది వాసన పసిగడుతుంది. ఘాటైన ఆకులలో గాలిలోకి తేలికగా ఆవిరయ్యే తైలాలుంటాయి. వాటి వాసనకు పురుగు దగ్గరకు రావడానికి జంకుతుంది. పైగా ఆకుల పొర దుంపకు దుప్పటిలా అడ్డుగా ఉంటుంది.

పెరూ దేశపు ఆండీస్ రైతులు పుదీనా కుటుంబానికి చెందిన 'మున్యా' ఆకులను దుంపల మధ్య పరిచేవారు. లిమా నగరంలో 1971లో ఏర్పడిన అంతర్జాతీయ బంగాళాదుంప కేంద్రం శాస్త్రజ్ఞులు 1980 దశకంలో మున్యా, యూకలిప్టస్, లాంటానా ఆకులను పరీక్షించారు. ఎండిన ఆకులు కప్పిన దుంపలకు పురుగు తాకిడి తగ్గింది. యూకలిప్టస్ అంటే మన జామాయిల్. లాంటానా అంటే తలంబ్రాల మొక్క.

ఎలా వాడాలి?

ముందుగా పుచ్చు దుంపలను ఏరివేయాలి. గాలి ఆడే చల్లని చోట 2 సెంటీమీటర్ల మందాన ఎండిన ఆకులు పరిచి, దానిపై దుంపలు పోసి, పైన మళ్ళీ అంతే మందాన ఆకులు కప్పాలి. పచ్చి ఆకులు వాడితే చెమ్మకు దుంపలు కుళ్ళుతాయి.

ఏరివేత ఎందుకు ముఖ్యం? ఆకు కాపలాదారు మాత్రమే, వైద్యుడు కాదు. అది దొంగను గుమ్మం బయట ఆపుతుంది. అప్పటికే దుంపలో దూరిన లార్వాను ఏమీ చేయలేదు. అందుకే పొలంలోనే మొక్కల మొదళ్ళకు మట్టి ఎగదోసి దుంపలు బయటపడకుండా చూడాలి.

మొక్క నుంచి వచ్చినదంతా మంచిదే అనుకోకండి. లాంటానా ఆకు తింటే పశువులకు విషం. వాడాక ఆ ఆకును పశువులకు అందనీయకూడదు.

మీరే చేసి చూడండి

రెండు గాజు సీసాలలో సమానంగా పెసలు పోయండి. పుచ్చిన పెసల నుంచి పది పురుగులు చొప్పున రెండింటిలోనూ వేయండి. ఒకదానిలో మాత్రం ఎండు వేపాకు వేయండి. మూతులకు పలుచని గుడ్డ కట్టి పక్కపక్కనే ఉంచండి. నెల తరువాత ఒక్కో సీసా నుంచి వంద గింజలు తీసి రంధ్రాలున్నవి లెక్కపెట్టండి.

రెండు సీసాలకూ తేడా వేపాకు ఒక్కటే కావాలి. ఎందుకో ఆలోచించండి. అమ్మమ్మ మాట ఎంతవరకు నిజమో మీ లెక్కే చెబుతుంది.