బలహీనుని యెదుట బలవంతుడు



మన యిండ్లలోని యౌవనస్థులు కంప్యూటరుమీదను సెల్‌ఫోనుమీదను ఆడు ఆటలలో, యంత్రము నడిపించు బొమ్మతో గాక, మరియొక మనుష్యుడు నడిపించు బొమ్మతో పోరాడుట కలదు. ఆ రెండవవాడు దూరదేశములో నుండవచ్చును. అతని ముఖము మనకు కనబడదు. ఈ పోరాటమువలన ఎవని దేహమునకును గాయము కలుగదు. గాయము తగులని చోట తప్పు జరుగునా? ఈ నెల పాఠమునకు ఇదియే ప్రశ్న.

1. జరిగిన సంగతి

1997వ సంవత్సరము సెప్టెంబరులో అమెరికాలో ‘అల్టిమా ఆన్‌లైన్’ అను ఆట విడుదలయ్యెను. వేలకొలది జనులు ఒకే కల్పిత రాజ్యమందు కూడి బ్రదుకుట దాని విశేషము. ఒకడు గనిలో లోహము త్రవ్వును, ఒకడు బట్టలు కుట్టును, ఒకడు రొట్టెలు కాల్చును. పట్టణములలో కావలివారుండిరి. అయితే పొలిమేర దాటినయెడల ఎవడైనను ఎవనినైనను చంపవచ్చును. చచ్చినవాడు దయ్యమై తిరుగును; అతడేమి పలికినను బ్రదికియున్నవారికి ‘ఊఊ’ అనియే కనబడును. అతడు వైద్యుని వెదకి మరల బ్రదుకులోగా, చంపినవాడు శవము మీది సొత్తంతయు దోచుకొనును.

విడుదలకు ముందు, ఆ ఆగస్టు నెలలో జరిగిన పరీక్షలో, రాజవేషమున నిలిచిన రిచర్డ్ గారియట్‌నే ఒక ఆటగాడు మంటల మంత్రముతో చంపెను. ఆటను సృజించినవానికే రక్షణ లేనప్పుడు గని త్రవ్వువాని మాట యేమి?

2. నష్టమెట్టిది?

“ఆటయే గదా” అని కొందరందురు. చదరంగములో ఓడినవాడును నొచ్చుకొనును, నిజమే. అయితే అక్కడ ఇరువురును పోరుటకే కూర్చుండిరి. గని త్రవ్వువాడు పోరుటకు రాలేదు. అతడు పోగొట్టుకొన్నది బొమ్మ ఇనుము కాదు, పని ముగించుకొని వచ్చి గడిపిన తన సాయంకాలములు. అవి కల్పితములు కావు.

3. చేసిన చికిత్స

చంపబడినవారి ఫిర్యాదులు అయిదైనచో హంతకుని పేరు ఎఱ్ఱగా కనబడునట్లు ఏర్పాటు చేసిరి. కాని కొందరికి ఆ ఎఱ్ఱ పేరే బిరుదాయెను. తుదకు 2000వ సంవత్సరములో రాజ్యమును రెండుగా చేసిరి. ‘ఫెలుక్కా’లో పాత పద్ధతియే నిలిచెను, ‘ట్రామెల్’లో సమ్మతి లేనివానిని కొట్టుటకు వీలులేదు. జనులు గుంపులుగా ట్రామెల్‌కు తరలిపోయిరి.

దీనికి దుఃఖించినవారును కలరు. అపాయమున్న దినములలో ఒకరినొకరు కాచుకొనుచు దారి నడచితిమి, అపాయముతోకూడ ఆ స్నేహమును పోయెనని వారి మాట. ఇందులోను సత్యము లేకపోలేదు. 2004లో వచ్చిన ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ అను ఆటలో, 2018 మొదలుకొని, బయటి ప్రదేశములలో పోరునకు సిద్ధపడుటయో మానుటయో ఆటగాడే నిర్ణయించుకొనును.

4. నేర్చుకొనవలసినది

1996లో బ్రిటిషు పండితుడు రిచర్డ్ బార్టిల్ ఇట్టి ఆటలాడువారిని నాలుగు తెగలుగా విభజించెను: సాధించువారు, శోధించువారు, స్నేహము కోరువారు, ఇతరులపై తమ బలము చూపువారు. ఈ కడపటివారికి ఎదుటివాని బాధ నిజమైనదగుటయే రుచి. అందుచేత యంత్రపు బొమ్మను చంపుటలో వారికి తృప్తి లేదు.

కంచె చేతిని ఆపునే గాని మనస్సును మార్చదు. పోరాటము తప్పని ఈ పాఠము చెప్పదు. సమానులు సమ్మతితో పోరినప్పుడు ఓడినవాడును నేర్పు పొందును. నిస్సహాయుని కొట్టి నవ్వినవాడు మాత్రము, శిక్ష లేనిచోట తానెట్టివాడో తనకే చూపుకొనుచున్నాడు.

కాబట్టి తలిదండ్రులారా, మీ కుమారుడు ఆట ముగించి లేచినప్పుడు “గెలిచితివా?” అని మాత్రమే అడుగకుడి. “ఎవనిని గెలిచితివి? అతడు పోరుటకు వచ్చెనా?” అనికూడ అడుగుడి.

ఆలోచింపదగిన ప్రశ్నలు

1. ముఖము కనబడనివానియెడల మనము ఏల కఠినులమగుదుము?
2. ఎఱ్ఱ పేరు కొందరికి సిగ్గుగాను కొందరికి బిరుదుగాను ఎందుచేత తోచెను?
3. అపాయము లేకుండ ఒకరినొకరు కాచుకొను స్నేహము నిలుచునా?