క్లౌడ్ కొలువుకు పునాది.. లిబ్‌వర్ట్

క్లౌడ్ ఉద్యోగం అనగానే చాలామంది విద్యార్థులు సర్టిఫికేషన్ల వెంట పడతారు. బటన్ నొక్కి వర్చువల్ మిషన్ తెరవడం వస్తుంది. దాని వెనక ఏం జరిగిందని ఇంటర్వ్యూలో అడిగితే మాత్రం తడబడతారు. ఆ లోపలి పనిని పైసా ఖర్చు లేకుండా నేర్చుకునే దారి లిబ్‌వర్ట్.

ఏమిటిది?

ఒకే కంప్యూటర్‌పై అనేక వర్చువల్ మిషన్లను నడిపేవి కేవీఎం, జెన్ లాంటి హైపర్‌వైజర్లు. ఒక్కోదానిది ఒక్కో పద్ధతి. అన్నిటికీ ఒకే తీరు ఆదేశాలు చాలేలా 2005లో మొదలైన ఓపెన్ సోర్స్ లైబ్రరీ లిబ్‌వర్ట్. సీ భాషలో రాసిన దీన్ని పైథాన్, గో ప్రోగ్రాముల నుంచీ వాడుకోవచ్చు. కేవీఎంపై నడిచే ఓపెన్‌స్టాక్ క్లౌడ్‌లో మిషన్లను పుట్టించేదీ ఆపేదీ దీని ద్వారానే.

ఎలా మొదలుపెట్టాలి?

ఉబుంటు లేదా ఫెడోరా ఉన్న ల్యాప్‌టాప్ చాలు. బయోస్‌లో వర్చువలైజేషన్ ఆన్ చేసి, 8 జీబీ ర్యామ్‌తో రెండు చిన్న మిషన్లు నడపొచ్చు. అంత సామర్థ్యం లేకపోయినా దిగులు వద్దు. లిబ్‌వర్ట్‌లోనే ‘టెస్ట్’ డ్రైవర్ ఉంది. అసలు మిషన్ ఏదీ నడవకుండానే చాలా ఆదేశాలు సాధన చేయవచ్చు.

ముందు ‘వర్ష్’ అనే కమాండ్ లైన్ సాధనం పట్టండి. అందులో ‘డిస్ట్రాయ్’ అనే ఆదేశం చూసి కొత్తవాళ్లు జంకుతారు. అది మిషన్‌ను చెరిపేయదు. కరెంటు ప్లగ్ పీకినట్టు ఆపేస్తుందంతే. డిస్క్ అలాగే ఉంటుంది. పద్ధతిగా ఆపడానికి ‘షట్‌డౌన్’, లిబ్‌వర్ట్ దగ్గరున్న మిషన్ వివరాలు తొలగించడానికి ‘అన్‌డిఫైన్’. ఈ మూడింటి తేడా చేసి చూసినవారు ఎప్పటికీ మరచిపోరు.

తర్వాత మిషన్ వివరాలుండే ఎక్స్‌ఎంఎల్ ఫైల్ తెరవండి. మెమరీ, డిస్క్, నెట్‌వర్క్ అన్నీ అందులోనే కనిపిస్తాయి. ఒక్కో అంకె మార్చి ఫలితం గమనించండి.

కొలువులు ఎక్కడ?

లైనక్స్ అడ్మినిస్ట్రేటర్, క్లౌడ్ ఇంజినీర్, డెవాప్స్ ఉద్యోగాలకు ఈ పట్టు పనికొస్తుంది. సీ భాష బాగా వచ్చినవారు గిట్‌ల్యాబ్‌లో ఉన్న లిబ్‌వర్ట్ కోడ్ చదివి, చిన్న లోపాలు సరిదిద్ది పంపవచ్చు. అనుభవజ్ఞులు మీ కోడ్‌ను వరుస వరుసగా పరిశీలించి తప్పులు చెబుతారు. ఏ ఫీజూ కట్టకుండా దొరికే శిక్షణ అది.

రెజ్యూమెలో ‘లిబ్‌వర్ట్ వచ్చు’ అని రాసి వదిలేయకండి. మూడు మిషన్లు పుట్టించి, స్నాప్‌షాట్ తీసి, ఒకదాన్ని పాడుచేసి మళ్లీ నిలబెట్టే పైథాన్ స్క్రిప్ట్ రాయండి. ఇంటర్వ్యూలో అడిగేది దాని గురించే అయితే, మీకు తడబడాల్సిన పని ఉండదు. ప్రతి వరుసా మీరు చేసి చూసిందే కదా!