కళ్లద్దాలు సాయం, కాలిబాట హక్కు

చూపు లేని మనిషి చేతిలోని తెల్లకర్ర నేలను తడుముతూ ముందుకు పోతుంది. గట్టు ఎక్కడ అయిపోయిందో, మెట్టు ఎక్కడ మొదలైందో దానికి తెలుస్తుంది. మోకాలికి పైన ఉన్న అడ్డు మాత్రం దానికి అందదు. ఫుట్‌పాత్ మీదికి పొడుచుకొచ్చిన షాపు బోర్డు, తోపుడుబండి అంచు, ఆగి ఉన్న లారీ వెనక తలుపు నేరుగా ఛాతీకో మొహానికో తగులుతాయి. ఈ లోటు తీర్చడానికే ఐఐటీ ఢిల్లీ తయారుచేసిన ‘స్మార్ట్‌కేన్’ 2014లో అందుబాటులోకి వచ్చింది. కర్ర పిడికి తగిలించే ఈ పరికరం అల్ట్రాసోనిక్ తరంగాలతో సుమారు 3 మీటర్ల లోపు అడ్డును పసిగట్టి, చేతిలో అదురుతూ హెచ్చరిస్తుంది. ఇప్పుడు కెమెరా బిగించిన కళ్లద్దాలు కూడా వచ్చాయి. ఎదుట ఏముందో అవి చెవిలో చెబుతాయి, బోర్డు మీది అక్షరాలు చదివి వినిపిస్తాయి. ఇవి సంతోషించాల్సిన మార్పులే. అయితే తిరుపతి గాంధీరోడ్డులోనో, చిత్తూరు చర్చి వీధిలోనో నడిచే అంధుడికి ఇలాంటి పరికరం దొరికినంత మాత్రాన రోడ్డును సరిగా ఉంచే బాధ్యత నుంచి నగరపాలక సంస్థ తప్పుకోవచ్చా? కుదరదు. చట్టం ఈ మాట స్పష్టంగానే చెబుతోంది.

ముందు పరికరం సంగతి. వికలాంగుల హక్కుల చట్టం, 2016 ప్రకారం 40 శాతం, అంతకు మించిన వైకల్యం ఉన్న విద్యార్థులకు 18 ఏళ్లు నిండేదాకా తగిన సహాయక పరికరాలను ఉచితంగా ఇవ్వాలి (సెక్షన్ 17). పెద్దవారికి కేంద్ర ప్రభుత్వ ‘అడిప్’ పథకం ఉంది. ఆదాయ పరిమితికి లోబడి, 40 శాతం వైకల్య ధ్రువపత్రం ఉన్నవారికి దీనికింద సహాయక పరికరాలు అందుతాయి. సదరం సర్టిఫికెట్ లేదా యూడీఐడీ కార్డు, ఆదాయ ధ్రువపత్రం, ఆధార్ పట్టుకుని జిల్లా విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ కార్యాలయంలో అర్జీ ఇవ్వండి. సొంత డబ్బుతో కొన్న పరికరం చెప్పినట్టు పనిచేయకపోతే అది వినియోగదారుల చట్టం కిందికి వస్తుంది. రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. కొన్న వస్తువుకు చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫిర్యాదుకు ఫీజు ఉండదు. బిల్లు, వారంటీ కార్డు, అమ్మినవారు పంపిన సందేశాలు పారేయకండి.

ఇక రోడ్డు సంగతి. వికలాంగుల రాకపోకలకు అనువైన రోడ్లు కల్పించాలని వికలాంగుల హక్కుల చట్టంలోని సెక్షన్ 41 ప్రభుత్వాన్ని ఆదేశిస్తోంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం ఫుట్‌పాత్‌పై నడిచే భాగం కనీసం 1.8 మీటర్ల వెడల్పున, 2.2 మీటర్ల ఎత్తు వరకూ ఏ అడ్డూ లేకుండా ఉండాలి. తెల్లకర్రకు అందని షాపు బోర్డు ఆ ఎత్తు లెక్కలోకే వస్తుంది. ఇలాంటి ప్రమాణాలు వట్టి సలహాలేననే వాదనకు రాజీవ్ రాతూరి కేసులో 2024 నవంబరు 8న తెరపడింది. ప్రమాణాలను సిఫారసుల స్థాయిలో వదిలేసిన 2017 నాటి నిబంధన చట్టానికి విరుద్ధమని, తప్పనిసరి నిబంధనలు రూపొందించాలని సుప్రీంకోర్టు తేల్చింది. చూపు లేని రాతూరి ఆ పిటిషన్ వేసింది 2005లో. ఆపై 2025 మే 14న ఎస్. రాజశేఖరన్ కేసులో, అడ్డంకులు లేని, వికలాంగులకు అనువైన ఫుట్‌పాత్ ప్రజల హక్కేననీ, అది రాజ్యాంగంలోని 21వ అధికరణంలో భాగమనీ అదే కోర్టు చెప్పింది.

“పరికరం ఇచ్చాం కదా, ఇక రోడ్డుతో పనేముంది?” అనే ఆలోచన నిలిచేది కాదు. మొదటి కారణం సాంకేతికమైనది. స్మార్ట్‌కేన్ లాంటి పరికరం తరంగాలు ముందుకు పోతాయి, పాదం దగ్గరి లోతును కొలవవు. బండ లేచిపోయిన కాలువను కనిపెట్టేది మళ్లీ ఆ పాత కర్రే. చార్జింగ్ అయిపోతే కళ్లద్దాలు మూగబోతాయి. రెండో కారణం న్యాయపరమైనది. లండన్‌లో జాన్ హేలీ అనే అంధుడు తెల్లకర్రతో ఒంటరిగా నడిచి వెళ్లే దారిలో విద్యుత్ సంస్థ కార్మికులు పేవ్‌మెంట్‌లో గుంత తవ్వి, హెచ్చరికగా ఒక పొడవాటి సుత్తిని ఏటవాలుగా అడ్డం పెట్టారు. చూపున్నవారికి అది చాలు. హేలీ కర్ర దాన్ని తాకలేదు. ఆయన పడిపోయి వినికిడి కూడా పోగొట్టుకున్నాడు. అంధులు వీధుల్లో ఒంటరిగా తిరుగుతారని ముందే ఊహించాల్సింది రోడ్డు తవ్వినవారేనని 1964లో హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పు చెప్పింది. మన కోర్టులు ఆ తీర్పుకు కట్టుబడనక్కర్లేదు గానీ అందులోని తర్కం మనకూ పనికొస్తుంది. రోడ్డు భద్రతను కొలవాల్సింది తెల్లకర్రతో నడిచే మనిషిని బట్టి. ఖరీదైన కళ్లద్దాలు పెట్టుకున్న మనిషిని కొలమానం చేస్తే, అవి కొనలేని పేద అంధుడికి దెబ్బ తగిలినప్పుడు తప్పు అతడి మీదికే పోతుంది.

నిధులు లేవంటారు. 1980లో సుప్రీంకోర్టు ముందు రత్లాం మున్సిపాలిటీ కూడా కాలువల విషయంలో ఇదే చెప్పింది. చట్టం పెట్టిన విధికి డబ్బు లేదనడం సాకు కాదని జస్టిస్ కృష్ణయ్యర్, జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి ధర్మాసనం దాన్ని తోసిపుచ్చింది. తిరుపతి 2016లోనే స్మార్ట్ సిటీల జాబితాలో చేరిన ఊరు, అక్కడ ఈ మాట ఇంకా పలుచనవుతుంది. చిరువ్యాపారుల పొట్ట కొడతారా అనేది ఇంతకంటే బరువైన ప్రశ్న, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. వీధి వ్యాపారుల చట్టం, 2014 వారి జీవనోపాధిని కాపాడుతుంది. ఎక్కడ అమ్ముకోవాలో గుర్తించే పనిలో పట్టణ విక్రయ కమిటీకి పాత్ర ఇచ్చింది, అందులో కనీసం 40 శాతం మంది వ్యాపారులే ఉండాలంది. కాబట్టి బండ్లను తరిమేయమని అడగడం మన పని కాదు. ఆ కమిటీ పనిచేయాలని, నడిచే దారిని వదిలి బండ్లకు చోటు గీయాలని అడగాలి. ఇక అంధులు ఎందరుంటారని అడిగేవారికి జవాబు: 2011 జనగణనలో దేశం మొత్తం మీద సుమారు 50 లక్షల మందికి చూపు వైకల్యం నమోదైంది. పైగా మొక్కు తీర్చుకోను వచ్చే వృద్ధులకు, బిడ్డను చంకనేసుకున్న తల్లికి కూడా తిరుపతిలో అదే ఫుట్‌పాత్ కావాలి.

మరి ఏం చేయాలి? అడ్డు ఉన్న చోటు, తేదీ తెలిసేలా ఫొటో తీసి, మున్సిపల్ కమిషనర్‌కు రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లోనూ నమోదు చేయించండి. ఆ వీధి ఫుట్‌పాత్‌కు ఎంత ఖర్చు చేశారో, ఏ ప్రమాణం పాటించారో సమాచార హక్కు చట్టం కింద అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. కదలిక లేకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు పంపండి. విచారణలో ఆ అధికారికి సివిల్ కోర్టు అధికారాలున్నాయి. వికలాంగుల హక్కుల చట్టాన్ని ఉల్లంఘిస్తే దాని సెక్షన్ 89 కింద మొదటిసారి 10 వేల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 వేల నుంచి 5 లక్షల దాకా జరిమానా పడుతుంది. ప్రమాదం జరిగితే ఆసుపత్రి కాగితాలు భద్రపరచి, నష్టపరిహారం దావాకు జిల్లా న్యాయసేవాధికార సంస్థను కలవండి. వైకల్యం ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ ఉచిత న్యాయ సహాయం అందుతుంది, ఫోన్ నంబరు 15100. కొత్త పరికరం వస్తే తప్పక అడిగి తీసుకోండి. దాన్ని పెట్టుకుని బయల్దేరిన మనిషికి వీధిలో కాలు మోపే చోటు ఉందా అని కూడా అదే అర్జీలో అడగండి.