ఇంటి వార్త, బడి పాఠము

తైత్తిరీయోపనిషత్తు నందలి శిక్షావల్లిలో, చదువు ముగించి ఇంటికి మరలు శిష్యునకు గురువు చేయు హితోపదేశము కలదు. తల్లిని, తండ్రిని, ఆచార్యుని, అతిథిని దైవముగా భావింపవలెనని అందలి బోధ. ఈ వరుసను నిదానించి చూచినచో ఒక విషయము స్ఫురించును. తల్లిదండ్రుల వెంటనే ఆచార్యుడు చెప్పబడినాడు. నడుమ మరెవ్వరును లేరు. ఇంటి గడప దాటిన బిడ్డకు రెండవ ఇల్లు బడియే. ఈ రెండిండ్ల నడుమ ప్రతిదినమును వార్తలు మోయుచు రాకపోకలు చేయునది ఆ బిడ్డయే. ఆ చిన్న దూతను ఆదరించుట యెట్లు? ప్రాథమిక పాఠశాలలో బోధించువారును, పిల్లలను బడికి పంపువారును కూడ విచారింపదగిన ప్రశ్న ఇది.

ఈ విచారమునకు గమ్హరియా తగిన చోటు. జంషెడ్‌పూరునకు పడమట, ఖర్కాయి నదికి ఆవల, ఆదిత్యపురమును దాటి కాండ్రాకు పోవు మార్గమున ఈ ఊరున్నది. ఇది నేడు ఝార్ఖండ్ రాష్ట్రమున సరాయికేలా ఖర్సావా జిల్లాలోనిది. ఒక ప్రక్క వరిచేలు, మరియొక ప్రక్క కర్మాగారముల పొగగొట్టములు కనిపించును. హో, సంతాలీ, ఒడియా, బెంగాలీ, హిందీ భాషలు ఈ సీమలో చెవినిబడుచుండును. 1907లో టాటా ఉక్కు కంపెనీ స్థాపింపబడిన పిదప జంషెడ్‌పూరు ప్రాంతమునకు పని వెదకుకొనుచు వచ్చినవారిలో శ్రీకాకుళము, విశాఖపట్టణము సీమల తెలుగువారును కలరు. అందుచే ఇచ్చటి తరగతి గదిలో ఒకే చాపపై అడవి పల్లె బిడ్డయు, కర్మాగారపు కార్మికుని బిడ్డయు ప్రక్కప్రక్కన కూర్చుండుట సహజము.

ఇట్టి తరగతిలో ప్రాతఃకాలమున హాజరు పిలుచు వేళను ఊహింపుడు. ఒకరి ఇంట ఆవు ఈనినది. ఒకరి అమ్మమ్మ ఊరినుండి వచ్చినది. మరియొకరికి తమ్ముడు పుట్టినాడు. పాఠము మొదలుకాకముందే ఈ వార్తలన్నియు పొంగి పొరలును. వీనిని అల్లరియని తలచి నోరు మూయించు ఉపాధ్యాయుడు తనకు తెలియకయే ఒక గొప్ప సాధనమును పోగొట్టుకొనుచున్నాడు. పది నిమిషములు వినువానికి మాత్రము బిడ్డల మనస్సులతోపాటు వారి ఇండ్లును తెరచుకొనును.

ఒక ఉదాహరణము చూడుడు. ఉక్కు కొలిమి రేయింబవళ్ళు ఆరదు. టాటా కర్మాగారమున 1912లోనే ఎనిమిది గంటల పనిదినము ఏర్పడెను. దినమును మూడు షిఫ్టులుగా పంచుకొని బ్రదుకుట ఈ ప్రాంతపు కుటుంబములకు అలవాటు. తండ్రి రాత్రి షిఫ్టు ముగించి పగలు నిద్రించుచుండగా, ఒకే గది గల ఇంట బిడ్డ గొంతెత్తి చదువరాదు. ఈ సంగతి తెలియని ఉపాధ్యాయుడు, పాఠము వల్లించి రాలేదని బిడ్డను నిలువబెట్టును. తెలిసినవాడు బడి విడిచిన పిదప అరగంట తరగతి తలుపు తెరచియుంచును. తప్పు ఎవరిదని వెదకుటకును, దారి యేదని వెదకుటకును గల భేదము ఇదియే.

ఇంటి వార్త ఇంటి భాషలోనే వచ్చును. తల్లిని హిందీ బిడ్డ 'మా' యనును, సంతాలు బిడ్డ 'ఆయో' యనును, తెలుగు బిడ్డ 'అమ్మ' యనును. సంతాలీ భాషకు పండిత రఘునాథ ముర్ము 1925లో 'ఓల్ చికీ' లిపిని కల్పించెను. 2003లో చేయబడిన రాజ్యాంగ సవరణచే ఆ భాష ఎనిమిదవ షెడ్యూలులో చేర్చబడెను. వీలైనచోట కనీసము ఐదవ తరగతివరకు ఇంటిభాషయందే బోధ జరుగవలెనని 2020నాటి జాతీయ విద్యావిధానము చెప్పుచున్నది. ఇన్ని భాషలును ఒక ఉపాధ్యాయునకు రాకపోవచ్చును. కాని బిడ్డ పలికిన మాటను అడిగి తెలిసికొని నల్లబల్లపై వ్రాయుటకు పాండిత్యముతో పనిలేదు, వినయము చాలును. తన తల్లి మాట బల్లపైకి ఎక్కినప్పుడు, తన ఇల్లు బడికి తక్కువ కాదని బిడ్డ గ్రహించును.

మకర సంక్రాంతి గడచిన మరునాటి తరగతిలో ఇది చక్కగా తెలియును. ఆ పండుగ దినములలో ఈ సీమవారు టుసు పాటలు పాడి, పిండివంటలు చేసి, టుసును నదిలో కలుపుదురు. అదే పండుగకు తెలుగు ఇంట ముగ్గులు, గొబ్బెమ్మలు, అరిసెలు ఉండును. ఇరువురు బిడ్డలును తమ ఇంటి వార్త చెప్పగా విన్న తరగతికి, పంట చేతికందిన సంతోషము ఒక్కటే, దానిని చెప్పు తీరులు పెక్కు అను సత్యము వేరుగ బోధింపనక్కరలేదు.

అయితే వార్తలన్నియు పండుగ వార్తలు కావు. ఒక బాలిక కలదనుకొందము. అందరికంటె ముందు చేయెత్తు ఆ పిల్ల వారము దినములుగా మౌనముగా ఉన్నది. తండ్రి పనిచేయు చిన్న కర్మాగారమున పని ఆగినది. ఇంట పొయ్యి ఒకపూటయే వెలుగుచున్నది. ఉపాధ్యాయుడు అందరియెదుట కారణమడుగగా ఆమె 'ఏమియు లేదు' అనును. ఆ అబద్ధమును ఆడించినది బిడ్డ స్వభావము కాదు, ప్రశ్న అడిగిన చోటు. మధ్యాహ్న భోజన సమయమున ఆ పిల్ల తన అన్నములో సగము డబ్బాలో దాచుకొనుచున్నది. చూచినవాడు దొంగతనమని గద్దింపవచ్చును. లేదా ప్రక్కన కూర్చుండి, అది ఎవరికొరకో మెల్లగా తెలిసికొనవచ్చును. ఇంటనున్న తమ్మునికొరకని తెలిసిన నాడు, ఆ తరగతిలో త్యాగమునుగూర్చి పాఠము చెప్పదగినవారు ఎవరో ఉపాధ్యాయునకే బోధపడును.

బడులలో వండిన భోజనము పెట్టవలెనని సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న ఆదేశించెను. ప్రాథమిక తరగతి బిడ్డకు 450 కెలోరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు గల ఆహారమందవలెనని నియమము. చట్టము కొలత చెప్పగలదు. ఆ కొలత ఎవరికి చాలుట లేదో కనుగొనుట మాత్రము చూచువాని హృదయము పని. అన్నమును నిందింపరాదని, దానిని సమృద్ధిచేయవలెనని అదే ఉపనిషత్తు భృగువల్లిలో బోధించుట ఇచట స్మరణీయము.

ఇచ్చట వివేకము అవసరము. పుట్టుక, పండుగ, చుట్టపు రాక అందరు వినదగిన వార్తలు. వ్యాధి, అప్పు, తండ్రి తాగుడు, తల్లి కన్నీరు ఒక్క చెవికి మాత్రమే చెందినవి. అట్టిదానిని విన్న ఉపాధ్యాయుడు దానిని తోటివారితో ముచ్చటగా చెప్పినచో, బిడ్డ తననుంచి ఇచ్చిన నిక్షేపమును దొంగిలించినవాడగును. బిడ్డకే దెబ్బలో, హానియో కలుగుచున్నదని తెలిసినప్పుడు మాత్రము మౌనము ధర్మము కాదు. అప్పుడు రక్షింపగలవారికి తెలుపవలెను. ఆపదలోనున్న బాలలకై 1098 అను ఫోను నంబరు ఇందులకే యున్నది.

వార్త బిడ్డద్వారా వచ్చువరకు వేచియుండుటయు చాలదు. సోదరి నివేదిత కలకత్తా బాగ్‌బజారులో బాలికా పాఠశాల తెరచినది 1898 నవంబరు 13న, కాళీపూజ దినమున. శ్రీ శారదాదేవి స్వయముగా విచ్చేసి దానిని ఆశీర్వదించెను. ఆడపిల్లలను బడికి పంపుటకు జంకు ఆ కాలమున, ఆ విదేశవనిత ఇంటింటికి నడచి తల్లిదండ్రులను వేడుకొనెను. గడప తొక్కిన ఉపాధ్యాయునకు తెలియునది హాజరు పుస్తకమున దొరకదు. 2009నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము ప్రభుత్వ పాఠశాల యాజమాన్య సంఘమున నాలుగింట మూడువంతులు తల్లిదండ్రులు లేక సంరక్షకులు ఉండవలెను. సభ్యులలో సగము స్త్రీలు కావలెను. అది కాగితముపై సంతకములకే పరిమితమైనచో ప్రయోజనము సున్న.

తల్లిదండ్రుల కర్తవ్యము ఇంతకు తక్కువ కాదు. సాయంకాలము ఇల్లు చేరిన బిడ్డను మార్కులెన్ని యని అడుగుటకు ముందు, నేడు బడిలో ఏమి జరిగినదని అడుగవలెను. అక్షరము రాని తల్లియు ఈ ప్రశ్న అడుగగలదు. ఆమెకు చెప్పుటకై బిడ్డ పాఠమును మరల తలచుకొనును. తలచుకొనుటయే చదువులో సగము. బడి మాట వినెడి ఇల్లు, ఇంటి మాట వినెడి బడి కలిసినప్పుడు బిడ్డ రెండుగా చీలిపోదు.

1884లో దక్షిణేశ్వరమున శ్రీరామకృష్ణులు, జీవులపై దయ చూపుట కాదు, శివుడని ఎరిగి జీవుని సేవించుటయే తగునని ఉపదేశించిరి. యువకుడైన నరేంద్రుడు ఆ మాటలో తన జీవితమార్గమును కనుగొనెను. ప్రాథమిక తరగతి ఉపాధ్యాయునకు ఆ సేవ ఎక్కడనో లేదు. హాజరు పిలిచి, పుస్తకము తెరచుటకు ముందున్న పది నిమిషములలో, అటుపిమ్మట చేయెత్తక తలవంచుకొని యున్న ఒక బిడ్డ ప్రక్కన కూర్చుండుటలో అది యున్నది. బిడ్డ చెప్పుటకు మొదలిడువరకు ఆయన వేచియుండిన చాలును.