ఒక చెవిలోనే వినికిడి తగ్గితే

వయస్సు మీదపడినప్పుడు, ఏళ్ల తరబడి యంత్రాల హోరులో పనిచేసినప్పుడు వినికిడి సాధారణంగా రెండు చెవులలోనూ ఇంచుమించు సమానంగా తగ్గుతుంది. ఒక చెవి బాగుండి రెండవది మందగిస్తే వేరే కారణం వెతకవలసి ఉంటుంది. బెంగళూరు కర్మాగారాలలో పనిచేసే మనవారు దీనిని కూడా మిషన్ల చప్పుడు ఖాతాలోనే వేసి ఊరుకోవడం కద్దు.

గులిమి, చీము, కర్ణభేరికి రంధ్రం వంటివి వైద్యుడు చెవిలోకి చూడగానే తెలుస్తాయి. అవి లేకుంటే లోపం లోచెవిలోనో, నరంలోనో ఉండవచ్చు. అరుదుగా, వినికిడి సంకేతాలనూ శరీర సమతౌల్య సంకేతాలనూ మెదడుకు చేరవేసే ఎనిమిదవ కపాల నాడిపై కణితి ఏర్పడుతుంది. దాని పేరు వెస్టిబ్యులార్ ష్వానోమా. కణితి అన్న మాట వినగానే గుండె జారుతుంది గాని, ఇది క్యాన్సర్ కాదు. ఇతర అవయవాలకు పాకదు. పెరిగేవి చాలావరకు ఏడాదికి ఒకటి రెండు మిల్లీమీటర్ల చొప్పున పెరుగుతాయి. కొన్ని ఏళ్ల తరబడి పెరగనే పెరగవు. చిన్నగా ఉండగా కనుగొంటే స్కానింగులతో గమనిస్తూ ఉండడానికి, రేడియేషన్‌కు, శస్త్రచికిత్సకు అవకాశం ఉంటుంది. బాగా పెద్దదైతే మెదడు కాండాన్ని ఒత్తుతుంది. అప్పుడు సాధారణంగా శస్త్రచికిత్సే మిగులుతుంది.

ఫోనును ఒక్కొక్క చెవికి పెట్టి చూడండి. ఒక చెవిలో శబ్దం వినబడుతున్నా మాట పోల్చుకోలేకపోతే, ఆ చెవిలోనే విడవకుండా హోరు ఉంటే, నడకలో తూలు కనిపిస్తే చెవి వైద్యుని కలవండి. ముందుగా చేసేది ఆడియోగ్రామ్. ఏ చెవికి ఆ చెవిని విడిగా పరీక్షిస్తారు. పక్కపక్క శబ్ద పౌనఃపున్యాలలో రెండు చెవుల మధ్య 15 లేదా 20 డెసిబెల్‌ల తేడా ఉంటే చాలా చోట్ల ఎం.ఆర్.ఐ. రాస్తారు. ఖర్చు తక్కువని సి.టి. స్కాన్‌తో సరిపెట్టుకోవాలనిపించవచ్చు; కాని చిన్న కణితులు అందులో కనబడకుండా పోతాయి. ఎం.ఆర్.ఐ. చేయించుకున్నవారిలో కణితి బయటపడేది నూటికి కొద్దిమందిలోనే. అయినా దాని ఉనికిని తేల్చిచెప్పే పరీక్ష అదే. పేస్‌మేకర్ గాని, శరీరంలో లోహపు ముక్క గాని ఉంటే ముందే చెప్పాలి.

రాత్రికి రాత్రే ఒక చెవి వినబడకుండా పోతే మాత్రం రోజులు గడపరాదు. స్టెరాయిడ్ చికిత్స మొదటి కొద్ది రోజులలోనే బాగా పనిచేస్తుంది. వినికిడి తిరిగి వచ్చినా కణితి లేదని అర్థం కాదు, ఎం.ఆర్.ఐ. మానరాదు.

కన్నడం రానివారు చీటీ రాసే చోట "ఒందు కివి కేళిసల్ల" అని చెప్పండి. ఒక చెవి వినబడడం లేదని దాని అర్థం. కేవలం చెవి నొప్పి అని రాయిస్తే చుక్కల మందుతో పంపివేయవచ్చు.