సిగ్గుపడకుండా పడుకుని చూడు చెల్లీ

చెల్లీ, పరుపు ఫోన్లో ఆర్డరు పెట్టేయనా, బెజవాడ వచ్చి షాపులో చూసి కొననా అని అడిగావు. దాని మీద పడుకునేది ఎవరో చెబితే జవాబు తేలికవుతుంది. నడుం నొప్పితో ఉన్న మీ అత్తయ్యగారికైతే ఆవిణ్ణి వెంటబెట్టుకుని షాపుకే రా. హైదరాబాదులో గది తీసుకున్న మీ అబ్బాయికైతే ఫోన్లో పెట్టేయ్, ఏం ఫర్వాలేదు.

మన ఇళ్లల్లో పరుపు కొనే తీరు నాకు బాధగా ఉంటుంది. మగవాళ్లు అరచేత్తో రెండుసార్లు నొక్కి చూసి బేరంలోకి దిగుతారు. మనం పక్కన నిలబడి పైగుడ్డ రంగు చూస్తాం. నలుగురి ముందు పడుకోవాలంటే సిగ్గు. పొద్దున్నే పట్టేసిన నడుంతో లేచి పొయ్యి దగ్గర నిలబడేది మాత్రం మనమే కదా! అరచేతికి మెత్తగా తగిలినంత మాత్రాన వెన్నుకు సుఖంగా ఉంటుందని లేదు. చెప్పులు విప్పి వెల్లకిలా కాసేపు, పక్కకు తిరిగి కాసేపు, పావుగంటైనా పడుకో. తోడుగా వదిననో అక్కనో తీసుకెళితే సగం సిగ్గు పోతుంది. పక్కకు తిరిగినప్పుడు భుజం, తుంటి కొద్దిగా దిగాలి, నడుం కింద ఖాళీ ఉండకూడదు. షాపుకు వెళ్లడంలో అసలు లాభం ఇదే. ఆ పని చేయకపోతే బెజవాడ ఏలూరు రోడ్డు దాకా రావడం ఎందుకు?

నడుంనొప్పికి రాయిలాంటి పరుపే మంచిదని మీ అత్తయ్యగారు అంటారేమో. కానీ స్పెయిన్‌లో డాక్టర్లు 313 మంది నడుంనొప్పి వాళ్లను పరీక్షించి 2003లో లాన్సెట్ పత్రికలో రాశారు. బాగా గట్టి పరుపు కంటే మధ్యస్థంగా ఉన్నదాని మీద పడుకున్నవాళ్లకే నొప్పి ఎక్కువ తగ్గింది.

ఇక మన గాలి సంగతి. రోహిణి కార్తెలో ఉక్క, వానాకాలంలో చెమ్మ. మెమరీ ఫోమ్ ఒంటి వేడికి మెత్తబడి ఒంటిని అంటిపెట్టుకుంటుంది, గాలి ఆడదు. ఏసీ లేని గదికి నేనైతే వద్దంటాను. రబ్బరు పాలు పట్టించిన కొబ్బరి పీచు పరుపులో గాలి బాగా ఆడుతుంది. నడిమిట్లో గుంట పడకుండా అప్పుడప్పుడూ తిప్పి వేసుకోవాలి, అంతే. మన అమ్మమ్మలు దూది పరుపుల్ని వేసవిలో డాబా మీద ఎండబెట్టి, గడ్డకడితే విప్పి ఏకించి మళ్లీ కుట్టించేవాళ్లు. ఫోమ్‌కు ఆ వీలు లేదు.

2024 సెప్టెంబరు బుడమేరు వరద తర్వాత బెజవాడ సింగ్ నగర్ వీధుల్లో పారేసిన పరుపుల గుట్టలు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. మురుగునీళ్లు పీల్చిన పరుపును ఎంత ఎండలో వేసినా లోపల ఆరదు, బూజు పడుతుంది. కింది అంతస్తు మునిగిన ఇంటికి ప్రభుత్వం 25,000 రూపాయలు ఇచ్చింది. మంచం, పరుపు, ఫ్రిజ్, బియ్యం డబ్బా దగ్గర్నుంచీ అన్నీ పోయిన ఇంటికి అది ఏ మూలకు? నీళ్లొచ్చే పేటల్లో ఉన్నవాళ్లు పది అంగుళాల బరువు పరుపు జోలికి పోవద్దు. ఇద్దరాడవాళ్లు ఎత్తి మేడ మీదికి చేర్చగలిగిన సన్నపాటి పరుపు కొనుక్కోండి.

ఆన్‌లైన్‌ను నేను తీసిపారేయను. 2016లో బెంగళూరులో మొదలైన వేక్‌ఫిట్ లాంటి కంపెనీలు వంద రాత్రులు వాడి చూసి నచ్చకపోతే వెనక్కివ్వమనే పద్ధతి తెచ్చాయి. చాలా షాపులవాళ్లు అంత గడువివ్వరు. కానీ అవనిగడ్డ, కైకలూరు పక్క పల్లెకు వచ్చి పరుపు తీసుకెళతారా? మీ పిన్‌కోడ్ చెప్పి ముందే అడుగు. చుట్టచుట్టి వచ్చిన పరుపు ఒకసారి విప్పాక మళ్లీ ఆ పెట్టెలో పట్టదు. ఇంకొకటి, మీ టేకు మంచం వడ్రంగి చేసింది కదా, షాపు కొలతలకు సరిపోకపోవచ్చు. పట్టెల లోపలివైపు టేపు పెట్టి అంగుళాల్లో రాసుకో. ప్రత్యేక కొలతతో చేయిస్తే వెనక్కి తీసుకుంటారో లేదో కూడా కనుక్కో.

ఎక్కడ కొన్నా ఫోమ్ డెన్సిటీ అడుగు. ఘనపు మీటరుకు ఎన్ని కిలోలో చెప్పే అంకె అది. 28 కంటే 40 ఎక్కువ కాలం ఆగుతుంది. మోడల్, మందం, డెన్సిటీ, వారంటీ బిల్లు మీద రాయించుకో. బిల్లు వద్దంటే వెయ్యి తగ్గిస్తామన్నా ఒప్పుకోకు. మరక పడితే చాలా వారంటీలు చెల్లవు కాబట్టి పైన కవరు వేసుకో. తేడా వస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యి. కంపెనీ బెంగళూరులో ఉన్నా, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నువ్వుండే జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు.