ఉపగ్రహ పటములో మన గుంట ఎంత?

చౌటుప్పల్ ప్రాంతమున ఒక రైతు తన పత్తి చేను ఉపగ్రహ పటమును సెల్‌ఫోనులో చూపి, "ఇగో సారూ, తూర్పు దిక్కంతా పసుపు పడ్డది. ఇంకో బస్తా యూరియా వెయ్యాల్నా?" అని అడిగినాడు. ఇద్దరమును చేనికి పోయి చూచితిమి. పత్తి ఏపుగానే ఉన్నది. తూర్పు గట్టు అవతల మాత్రము పొరుగువారి బీడు చెలక ఉన్నది. పటములో తప్పు లేదు. దానిని చదువుటలో పొరపాటు జరిగినది. ఆ పొరపాటుతో యూరియా వేసియుండిన బస్తా ఖర్చు దండుగ. పైగా నత్రజని ఎక్కువైన పైరుకు పచ్చదోమ ఎక్కువగా పట్టును. కావున పటము ఎట్లు తయారగునో రైతులు తెలిసికొనుట అవసరము.

పిక్సెల్ అనగా నేమి?

పటము చిన్న చిన్న చదరపు గళ్ళతో కూర్చబడినది. ఒక్కొక్క గడిని పిక్సెల్ అందురు. ఒక గడికి ఒకే రంగు. పోచంపల్లి చీరకు పోగులను కొన్ని కొన్నిగా కలిపి, కట్లు కట్టి రంగులో ముంచుదురు కదా. ఒక్కొక్క కట్టులో పోగులు తక్కువగా ఉన్న పువ్వు అంచు నునుపుగా వచ్చును. ఎక్కువగా ఉన్న మెట్లు మెట్లుగా కనబడును. పటమునందును అంతే. ఒక గడి ఎంత నేలను కప్పునో దానినిబట్టి పటము స్పష్టత ఉండును. దీనినే రిజల్యూషన్ అందురు.

గుంటలలోనికి మార్చు విధము

ఎకరము 4,047 చదరపు మీటర్లు. ఎకరమునకు 40 గుంటలు గనుక గుంట సుమారు 101 చదరపు మీటర్లు. గడి ప్రక్క కొలతను మీటర్లలో తీసికొని, దానిని దానితోనే గుణించి, 101 చేత భాగించిన గుంటలు వచ్చును.

ఐ.ఆర్.ఎస్.-1ఎ (1988), లిస్-1 కెమెరా: 72.5 మీటర్లు, గడికి 52 గుంటలు, అనగా ఎకరము 12 గుంటలు.
అమెరికావారి లాండ్‌శాట్-8 (2013): 30 మీటర్లు, సుమారు 9 గుంటలు.
రిసోర్స్‌శాట్-2 (2011), లిస్-3 కెమెరా: 23.5 మీటర్లు, సుమారు ఐదున్నర గుంటలు.
ఐరోపావారి సెంటినెల్-2 (2015): 10 మీటర్లు, సుమారు ఒక గుంట.
రిసోర్స్‌శాట్-2, లిస్-4 కెమెరా: 5.8 మీటర్లు, గుంటలో మూడవ వంతు.

ఇచ్చట ఒక మెలకువ కలదు. 10 మీటర్ల గడి కంటె 20 మీటర్ల గడి రెండింతలు కాదు, నాలుగింతలు. పొడవును వెడల్పును రెండును పెరుగును గదా.

గట్టు మీది గళ్ళు

ఉపగ్రహము గట్టును చూచి గళ్ళు గీయదు. గట్టు మీద పడిన గడిలో ఇరుప్రక్కల నేలయు కలిసిపోవును. పై రైతుది ఎకరము చెలక, వెడల్పు 40 మీటర్లు. ఆయన చూచినది 30 మీటర్ల గళ్ళ పటము. తూర్పు వరుస గళ్ళలో సగము ఆయన పత్తి, సగము పొరుగువారి బీడు. పత్తి పచ్చదనమునకు 80, బీడునకు 20 అంకెలు అనుకొన్నచో గడి మొత్తమునకు 50 అని పడును. మంచి పైరు కూడ ఈ విధముగా నీరసించినట్లు కనబడును. అన్నదమ్ముల పంపకములలో సన్నగా చీలిన చేలకు ఈ చిక్కు మరింత ఎక్కువ.

నాలుగు ప్రక్కలు సమానముగా ఉన్న ఎకరములో ఒక్కొక్క ప్రక్క 63.6 మీటర్లు. అందు 30 మీటర్ల గళ్ళు పూర్తిగా ఇమిడేవి సాధారణముగా ఒక్కటే. 10 మీటర్ల గళ్ళైనచో కనీసము 25 ఇముడును. నమ్మదగినవి ఈ లోపలి గళ్ళే.

గడిని చీల్చిన కొత్త సంగతి రాదు

30 మీటర్ల గడిని కంప్యూటరులో తొమ్మిది 10 మీటర్ల గళ్ళుగా మార్చవచ్చును. కాని కుంచెడు వడ్లను తొమ్మిది గిన్నెలలో పోసినంత మాత్రాన వడ్లు పెరుగవు. ఫోనులో పటమును వ్రేళ్ళతో పెద్దది చేయుటయు ఇట్టిదే. కావున పటము అసలు ఎన్ని మీటర్లతో తీసినదో అడుగవలెను.

ఫోటో పంపునపుడు

తెగులు, పురుగుల ఫోటోలకును ఇదే లెక్క. 4,000 గళ్ళ వెడల్పు గల ఫోటోలో 4 మీటర్ల చేను పట్టిన గడికి 1 మిల్లీమీటరు. సుమారు 3 మిల్లీమీటర్లుండు పచ్చదోమ అందులో మూడు గళ్ళ చుక్క మాత్రమే. 40 సెంటీమీటర్ల మేర మాత్రమే తీసినచో 30 గళ్ళ పొడవు వచ్చి గుర్తుపట్ట వీలగును. మామూలు సందేశముగా పంపిన ఫోటోలో గళ్ళు తగ్గిపోవును. డాక్యుమెంటుగా పంపుట మేలు.

రైతులు గుర్తుంచుకొనవలసినవి

1. పటము ఎన్ని మీటర్లదో తెలిసికొని గుంటలలోనికి మార్చుడు.
2. గట్టు మీది గళ్ళను లెక్కలోనికి తీసికొనకుడు.
3. లోపలి గళ్ళలో తేడా కనబడినచో ఆ చోటికి పోయి ఆకు క్రింద, మొదలు వద్ద చూడుడు.

పటము ఎక్కడ చూడవలెనో చెప్పును. చేను చూచిన తరువాతనే బస్తా విప్పవలెను.